వంతు

సింగరాయకొండ దగ్గర హైవే ఇవాళ రోడ్డు కాదు.
తెల్లారి నాలుగింటికే బారికేడ్లు పెట్టి
లారీలన్నీ ఊళ్ళ మీదుగా మళ్ళించారు.
డివైడరు లేని మూడున్నర కిలోమీటర్ల సిమెంటు
మంచులో తడిసి
విమానం చక్రం కోసం చూస్తోంది.

నేను విమానాల్ని చూడను.
జామాయిల్ తోట పక్కన, కిటికీ లేని వ్యానులో
వాటి మాటల వంతులు చూస్తాను.
సెకనును నూట ఇరవై ఎనిమిది ముక్కలు చేస్తే
ఒక ముక్క ఒకరిది.
ఎక్కడున్నాను, ఎంత ఎత్తున, ట్యాంకులో ఎంత మిగిలింది,
కంటికి ఏం ఆనింది,
అన్నీ ఆ ముక్కలోనే చెప్పి
నోరు మూసుకోవాలి. మిగతాదంతా వినడమే.

నా వంతులో చెప్పడానికి నాకు కబురుండదు.
టైమెంతయిందో చెబుతాను.
అందరూ దాన్నిబట్టి సర్దుకుంటారు.

రాళ్ళపాడు కాలవ మీద మా తాత మాలకొండయ్య నీరుగంటి.
భుజాన పార, మొలకి టార్చిలైటు.
"నీ వంతు అయిపోయింది అబ్బయ్యా, మడవ ముయ్యి" అని
అర్ధరాత్రి ఎంతటి రైతు చేలోనైనా నిలబడి అనగలిగినోడు.
తనకు సెంటు మాగాణి లేదు.

ఆరూ పదికి తెర మీద ఒక పడవ రెండయింది.
పాకల ఒడ్డుకు తూర్పున పద్నాలుగు మైళ్ళు.
ఓడ చూసి ఒక నంబరిచ్చింది,
పైనించి విమానం చూసి ఇంకో నంబరిచ్చింది.
నడుమ అర మైలు.
ఎవరి గడియారమో వెనకబడింది,
లేదా ఎవరి ఉత్తరమో కాస్త వంగింది.
రెండూ పసుపు రంగు. ఎవరో తెలియదు అని అర్థం.

"ఇద్దరున్నారా?" హెడ్‌సెట్లో ఇళవరసన్ సారు.

ఒక్కడే సార్, అనడానికి నాకు పదకొండు సెకన్లు పట్టింది.
పద్నాలుగు వందల ఎనిమిది వంతులు.
అంతసేపూ అక్కడ
వాయల కోటయ్యో, వాళ్ళ బామ్మర్దో
తడి చేత్తో చెవి సందున బీడీ తడుముకుంటూ వల లాగుతుంటాడు,
తాను ఇద్దరయ్యానని తెలియక,
ఆ ఇద్దరూ పగవాళ్ళు కావచ్చని అసలే తెలియక.

ఒక నంబరు కొట్టేశాను.
రెండోదాని పక్కన 'చేపల పడవ' అని రాశాను.
పన్నెండు తెరల మీద పసుపు ఆకుపచ్చయింది.
చప్పుడేం కాలేదు.

బెంగుళూరు నించి వచ్చిన ఇంజినీరు సుమేధ
ఉలవపాడు సపోటా తొక్క తీస్తూ చెప్పింది:
రాబోయే రేడియోల్లో ఇట్లా వంతులు రాసే పనుండదట.
ఎవరికెంత కావాలో అదే చూసుకుని తెరుచుకుంటుందట.
నాలుగొందల డ్రోన్లు దోమల్లా లేస్తే
కూచుని రాసేదెవరు మేడమ్, అంది. నిజమే.
పాత పెట్టెలు మాత్రం ఇంకో ఇరవయ్యేళ్ళు ఎగురుతాయి గనక
వాటికి కొత్త భాష విడమర్చే పెట్టె ఒకటి నడుమ పెడతారు.
ఆ నడుమ కొన్ని మాటలు రాలిపోతాయి, అని తనే ఒప్పుకుంది.
ఏ మాటలు? అన్నాను.
ఇంకా తేల్చలేదంది, గింజ ఊస్తూ.

తూములకి మోటారు గేట్లు పెట్టిన ఏడు
తాత ఊరికే పోయి కట్ట మీద కూచునేవాడు.
గేటు టైముకి తెరుచుకునేది, టైముకి మూసుకునేది.
జొరంతో ఆదెమ్మ రాలేకపోయిన రాత్రి
ఆమె వంతు నీళ్ళు మడవ ముందునించి వాగులోకి పోయాయి.
గేటు తప్పేం లేదు.
దాని లెక్కలో ఆదెమ్మ చేను తడిసింది.

ఎనిమిదింటికి చక్రాలు రోడ్డును తాకి లేచాయి.
వ్యాను వణికింది, హజరత్‌వలి టీ నా లాగ్‌బుక్కు మీద ఒలికింది.
ఆ మరక పక్కనే రాశాను: పడవ ఒకటి. రెండు కాదు.

రేపటి జాబితాలో ఒక వంతు ఖాళీగా వదిలాను.
ఇదెవరిది? అన్నారు సారు.
ఆలస్యంగా వచ్చేవాళ్ళది సార్.
ఎవరొస్తున్నారు?
తెలీదు సార్, అన్నాను.
ఆయన కాసేపు నా మొహం చూసి సంతకం పెట్టారు.
బయట లారీలు అప్పుడే హారన్లు మొదలెట్టాయి,
అన్నీ ఒక్కసారే.